మద్దిలేటి సారు వరుస

మద్దిలేటి సారుకు వరుస పిచ్చి. వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఈ పెద్దమనిషి, ఏ వస్తువునైనా ఏదో ఒక వరుసలో పెట్టందే ముట్టుకోడు. టిఫిన్ డబ్బాలో బెండకాయ ముక్కల్ని కూడా పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా పేర్చుకుని తింటాడు. ఎందుకని అడగకూడదు. అడిగితే పాఠం మొదలవుతుంది.

ల్యాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరిన షాహెదా తెలియక అడిగింది. సారు వెంటనే నంబర్లున్న కాగితాలు రెండు టేబుల్ మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో చూపుడువేలు ఆనించాడు.

"రెండిట్ల ఉన్న నంబర్లు దొరకబట్టాలె. ఎట్ల?"

"ఒక్కొక్కటి తీస్కొని రెండోదాంట్ల వెతుకుత సార్."

"పొద్దుగూకుతది! రెండూ వరుసల ఉన్నయనుకో. ఏ వేలి కింద చిన్న నంబరుంటే ఆ వేలును ముందుకు జరుపు. రెండు సమానమైతే రాస్కొని రెండు వేళ్లు జరుపు. ఒక్క నడకల పని ఖతం. కానీ యాదుంచుకో, వేలు వెనక్కి పోదు."

ఇదే పని చేసే ఫంక్షన్ ప్రోగ్రామింగ్ లైబ్రరీలో తయారుగా ఉంటుందనీ, వరుసలో ఉన్న రెండు జాబితాలు అందిస్తే చాలు, ఉమ్మడి నంబర్లు ఏరి ఇస్తుందనీ కూడా చెప్పాడు. షాహెదాకు ఫంక్షన్ అర్థమైంది. సారే అర్థం కాలేదు.

ఆయన కూరగాయల బేరం కూడా ఇదే తీరు. భార్య యమున రాసిచ్చిన చీటీని మార్కెట్లో గంపలున్న వరుసలో తిరగరాసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారే నడుస్తాడు. ఒకరోజు టమాటలు లేకుండా ఇంటికొచ్చాడు.

"టమాటలేవి?" అంది యమున.

"మల్లమ్మ గంప రోజు ఆఖర్ల ఉంటది. ఇయ్యాల మొదట్ల వెట్టింది. నేను దాటిపోయిన."

"ఎనక్కి పోయి తెస్తే ఏం పోయె?"

"వేలు వెనక్కి పోదు యమునా."

"పోవాల్సింది వేలు కాదు, కాళ్లు!"

ఆ పూట ఇంట్లో ఉత్త చింతపండు చారు. ఈ సంగతి స్టాఫ్ రూములో సారే నవ్వుతూ చెప్పాడు.

అందరూ నవ్వారు, షాహెదా తప్ప. ఆమె బాధ వేరే. కాలేజీలో హాజరు రిజిస్టర్లు రాసేది మద్దిలేటి సారే. క్లాసు రిజిస్టరులో మొదటి పేరు నలభై ఒకటో నంబరు డేవిడ్‌ది, చిట్టచివరి పేరు తొమ్మిదో నంబరు రేణుకది. అది పేర్ల వరుస కాదు, నంబర్ల వరుస కాదు, మార్కులది అసలే కాదు. స్టాఫ్ రిజిస్టరు ఇంకా అన్యాయం. అందులో అందరికంటే కింద, గేటు పని చూసుకుని ఆఖర్న వచ్చే వాచ్‌మన్ కంటే కూడా కింద, షాహెదా పేరు ఉంటుంది. గద్వాల నుంచి రోజూ బస్సులో పడి వచ్చే తను అంత పనికిరానిదా అని ఎనిమిది నెలలుగా లోలోపల కుములుతోంది.

పైగా సారు కలం పట్టుకుని రిజిస్టరు పక్కనే నిలబడతాడు. వరుస తప్పి ఎవరినీ సంతకం పెట్టనివ్వడు. ఒక్కొక్కరి చేత తీరుబడిగా పెట్టిస్తాడు. చివరి పేరు దాకా అయ్యాకే రిజిస్టరు ప్రిన్సిపాల్ గదికి పోతుంది. అక్కడ ఖాళీ కనిపించిన చోట ఎర్రగీత పడుతుంది. బస్సు ఎంత సతాయించినా తనకు ఒక్క ఎర్రగీతా పడకపోవడం తన అదృష్టం అనుకునేది షాహెదా.

ఒక గురువారం హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు ఉద్యోగాలివ్వడానికి వచ్చారు. వాళ్ల రాతపరీక్ష నెగ్గినవాళ్లు పంతొమ్మిది మంది. అందులో హాజరు సరిపోయినవాళ్లకే ఇంటర్వ్యూ. "పది నిమిషాలల్ల పేర్లు కావాలె" అన్నాడు కంపెనీ అధికారి.

షాహెదా నెగ్గినవాళ్ల నంబర్లు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకవైపు, హాజరు సరిపోయినవాళ్ల నంబర్లు సారు రిజిస్టరులో ఉన్న వరుసలోనే ఇంకోవైపు ఎక్కించి, ఆ ఫంక్షన్‌ను పిలిచింది. మూడంటే మూడు నంబర్లు వచ్చాయి. మళ్లీ నడిపింది. మళ్లీ మూడే. రాతపరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రేణుక కూడా అందులో లేదు. ఆ పిల్ల వీపనగండ్ల నుంచి ఇంకా దారిలోనే ఉంది. ఈ జాబితా ఇలాగే అధికారి చేతికి పోతే బస్సు దిగి మళ్లీ అదే బస్సెక్కాలి. షాహెదా ఎక్కించిన నంబర్లు మళ్లీ చూసుకుని, సారును ల్యాబ్‌లోకి పిలిచింది.

"సార్, మీ జాబితా వరుసల లేదు!"

మద్దిలేటి సారును అంత మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

"నా జాబితానా? వరుసల లేదా?"

"మొదట్లనే నలభై ఒకటి ఉన్నది సార్. దాన్ని అందుకోనీకి అవతలి వేలు నలభై ఒకటి దాక ఉరికింది. రేణుకది తొమ్మిది, ఎనకనే వడ్డది. వేలు వెనక్కి పోదు కద!"

సారు నాలుక కరుచుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"వరుసల్నే ఉన్నది తల్లీ. కానీ నంబర్ల వరుస కాదు. బస్సుల వరుస."

"బస్సులా?"

"డేవిడ్ ఇల్లు కాలేజీ ఎన్కనే. వాడు ముందు. వీపనగండ్ల బస్సు ఎప్పుడొస్తదో డ్రైవరుకు గూడ తెల్వదు. రేణుక ఆఖరు. పేరు పిలిచే యాళ్లకు పిల్ల వచ్చి పలకాలె గద?"

"ఈ ముచ్చట అందరికి చెప్పొచ్చు గద సార్?"

"చెప్పిన్ననుకో, రేపటి సంది అందరి ఊర్లు దూరమైతయ్."

షాహెదా సారు జాబితాను కూడా నంబర్ల వరుసలోకి తెచ్చి మళ్లీ నడిపింది. పదహారు మంది వచ్చారు, రేణుకతో సహా. ప్రింటు తీయబోతూ ఒక్క క్షణం ఆగింది. ఆ పదహారు పేర్లనూ మళ్లీ బస్సుల వరుసలోకి మార్చి అప్పుడు తీసింది.

"ఇదేం వరుసమ్మా?" అన్నాడు అధికారి తికమకపడుతూ.

"మా కాలేజీ వరుస సార్" అంది షాహెదా, ఎనిమిది నెలల అనుభవంతో.

పదిహేనో అభ్యర్థి లోపల ఉండగా రేణుక ఒగరుస్తూ వచ్చింది. కాసేపటికి తన పేరు వినబడగానే "ఉన్న సార్!" అని క్లాసులో పలికినట్టే పలికి లోపలికి పోయింది. ఆ మాట విన్నాకే షాహెదాకు స్టాఫ్ రిజిస్టరు గుర్తొచ్చింది. పోయి తెరిచి చూసింది. అందరికంటే కింద తన పేరు. కాలేజీ మొత్తంలో అందరికంటే ఆలస్యంగా వచ్చేది గద్వాల బస్సు. ఎనిమిది నెలలుగా తిట్టుకున్నది ఎవరినో తలచుకుని సిగ్గుపడింది, ఆ వెంటనే నవ్వొచ్చింది.

మర్నాడు ఏ పుణ్యమో గద్వాల బస్సు అరగంట ముందే వచ్చింది. షాహెదా ఉత్సాహంగా కలం అందుకోబోయింది.

"ఆగు! నీకంటె ముందు పదకొండు మంది ఉన్నరు" అన్నాడు మద్దిలేటి సారు.

"నేను వచ్చిన కద సార్!"

"ఒక్కరోజు బస్సు వరుస తప్పితే నా రిజిస్టరు తప్పుతదా?"

షాహెదా వెళ్లి వాచ్‌మన్ వెనక నిలబడింది. తన వెనక ఇంకెవరూ లేరు. ఆ చోటు ఆమెకు మొదటిసారి నచ్చింది.