తిట్టు చెక్కిన భూగోళం

మా మాచర్ల ఇమాం సాహెబ్‌కి మనిషిని తిట్టకుండా వస్తువు చేయడం చేతకాదు. పేరుకి డబ్బాలు అతికే పని. రైలుకట్ట వెంట, సంత చివర, ఎవరి పెంటకుప్పలో ఏది కనపడ్డా సంచిలో వేసుకుపోయేవాడు. విరిగిన గొడుగు, చిల్లుచెంబు, ఎద్దుకొమ్ము, ఏదైనా సరే. వారం తిరిగేసరికి అది చక్కటి వస్తువై, ఒంటి మీద మేకుతో చెక్కిన తిట్టు పద్యంతో మన గుమ్మంలో కూర్చునేది. పద్యమంతా సొంత కవిత్వమే. ఛందస్సు ఆయనకి తెలియదు, ఆయన ఛందస్సుకి తెలియదు.

నేను ఆ ఊళ్ళో మిషన్ బడి పంతుల్ని, పేరు ఏసయ్య. యుద్ధం రోజులు. కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు, నా జీతం అసలే లేదు. మా ఇంట్లో పుష్కలంగా ఉన్నవి ఇమాం సాహెబ్ తిట్లే. పగిలిన సీసాతో చేసిన దీపం మీద ఇలా ఉండేది:

ఈ దీపం కింద చదివె మన ఏసయ్యా
ఎంత చదివినా ఎద్దేగా, ఏం చేద్దామయ్యా.

మా అమ్మ కృపమ్మకి రేకు జల్లెడ వచ్చింది. అమ్మకి చదువు రాదు. నాచేత చదివించుకుంది:

కృపమ్మ చేతి కూర తిన్న కుక్క
కృష్ణ దాటి పారిపోయె, రాలేదు వెనక్క.

అమ్మ జల్లెడ చేతబట్టుకుని ఆయన కొట్టు ముందు నిలబడి, నీ నోరు పడిపోనూ అని మొదలుపెట్టి చెడామడా తిట్టింది. తిట్టడం అయ్యాక జల్లెడ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. “డబ్బులేమన్నా ఇవ్వాలేమో అమ్మా” అన్నాను. “ఏందిరా ఇచ్చేది? ఇన్ని మాటలన్నందుకు వాడే నాకు ఎదురివ్వాల!” అంది.

దానయ్య సంగతి ఇంకా చోద్యం. నాపరాళ్ళ గనిలో బండ పడి అతని కుడికాలు పోయింది. చర్చిలో చందా పోగుచేసి పంపితే “నేను ముష్టోణ్ణా?” అని విసిరికొట్టాడు. మూడు నెలలు మంచం దిగలేదు. ఇమాం సాహెబ్ విరిగిన బండిచక్రం కర్రకి పాత చెప్పుల తోలు చుట్టి, చంకకర్ర చేసి, వాళ్ళ గుమ్మానికి ఆనించిపోయాడు. దాని మీద:

రెండు కాళ్ళున్ననాడు కల్లుపాక నీ ఇల్లు
కర్రకాలు ఇస్తున్నా, ఇకనైనా పనికెళ్ళు.

దానయ్యకి ఒళ్ళు మండిపోయింది. “వాడి తల పగలగొడతా” అని ఆ కర్రే చంకన పెట్టుకుని బజారు చివర ఇమాం సాహెబ్ కొట్టుదాకా నడిచొచ్చాడు. ఇమాం సాహెబ్ తలెత్తకుండా “బానే నడుస్తున్నావే” అన్నాడు. కర్ర ఎత్తితే దానయ్య పడిపోతాడు, ఎత్తకపోతే కొట్టలేడు. కాసేపు ఊగి, నోరారా తిట్టి, తిరిగి నడుచుకుంటూ పోయాడు.

ఇంత నోరున్న మనిషి షావుకారు ఇంటికి చేసిచ్చిన లాంతరు మీద మాత్రం ఒక్క గీత గీయలేదు. నేను కళ్ళారా చూశాను. “లేనోళ్ళ మీద పులి, ఉన్నోళ్ళ దగ్గర పిల్లి” అని ఊరంతా చాటింది నేనే. జీతం లేని పంతులి నోరు చేదుగానే ఉంటుంది మరి. ఆ రోజుల్లో నేను ఎవరి గురించీ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు.

అప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు. బళ్ళో భూగోళం లేకపోతే గ్రాంటు ఆపేస్తానని కిందటేడే రాసిపోయాడు. గ్రాంటు ఆగితే బడి మూత, నేనూ అమ్మా వీధిలో. భూగోళం కొనిపెట్టమని మిషన్ వారికి రాస్తే, ప్రార్థన చేయమని జాబొచ్చింది. చేశాను. ఆకాశం నుంచి భూగోళం పడలేదు.

సిగ్గు విడిచి ఇమాం సాహెబ్ దగ్గరికే పోయాను. నా చిరిగిన అట్లాసు తీసుకుని, నాలుగు రోజుల్లో చేసేశాడు. గుండ్రటి ఎండు సొరకాయకి నీలిమందు పూస్తే సముద్రం. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి అతికిస్తే దేశాలు. గొడుగు ఊచ మీద గిర్రున తిరుగుతోంది. మాచర్ల ఇంగ్లండంత ఉంది.

“ఇదేంది బాబాయ్?”

“రైలు ఇక్కడే గదరా ఆగిపోయేది. అది నిలబడను ఆ మాత్రం చోటు కావాల.”

అంటూనే మేకు తీశాడు. “వద్దు బాబాయ్! ఇన్‌స్పెక్టరు చదివితే నా ఉద్యోగం పోద్ది.”

“తిట్టు లేకుండా ఇయ్యను.”

“షావుకారుకి ఇచ్చావుగా!”

“ఆయన డబ్బులిచ్చాడు.”

“నేనూ ఇస్తా.”

“జీతమొచ్చి ఎన్నాళ్ళయింది?”

“నాలుగు నెల్లు.”

“అయితే తిట్టు పడుద్ది.”

లోపల్నించి ఆయన భార్య హజ్రా బీ కసిరింది. “ఏం చదివావు పంతులూ నువ్వు? ఊరికే ఇస్తే, తీసుకున్నోళ్ళు కనపడ్డప్పుడల్లా తలొంచుకుంటారని ఈయనకి బాధ. తిట్టి ఇస్తే, ఎదురు తిట్టి తీసుకుంటారు. సరికి సరి. చానా ఏళ్ళుగా ఇదే ఈయన పిచ్చి.”

“నోర్ముయ్యవే” అన్నాడు ఇమాం సాహెబ్. దొంగతనం బయటపడ్డట్టు ముఖం కందిపోయింది.

మా దీపం, మా జల్లెడ, దానయ్య కర్ర వరసగా కళ్ళ ముందు తిరిగాయి. మా అమ్మ ఆయన ముందు ఒక్కనాడు తలొంచుకోలేదు. ఆయన్ని పిల్లి అన్న నా నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“సరే, చెక్కు బాబాయ్” అన్నాను. “కాకపోతే దక్షిణ ధ్రువం కింద, కనపడకుండా.”

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భూగోళాన్ని తిప్పాడు. మాచర్లని చూసి కనుబొమలెత్తాడు. అంతటితో వదిలితే బాగుండేది, ఎత్తి తలకిందులు చేశాడు. పైకే చదివాడు:

లోకమంతా చూపుతాడు ఏసయ్య పంతులు
నకరికల్లు దారడిగితే వేస్తాడు కుప్పిగంతులు.



“ఎవరయ్యా ఈ ఏసయ్య?”

“నేనేనండీ.”

ఆయన బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. గ్రాంటు నిలబడింది. పోతూ పోతూ, ఇలాంటిదే ఇంకోటి కావాలని నా చేతిలో ఐదు రూపాయలు పెట్టాడు.

నెల తిరక్కుండా ఇమాం సాహెబ్ చేత చేయించి, పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాను. ఆత్రంగా తలకిందులు చేశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెద్దమనిషి పాపం చిన్నబోయాడు.

“పద్యమేదయ్యా?”

“తమరు డబ్బులిచ్చారు గదండీ” అన్నాను.