ఒంటె మీద పోచవ్వ

పోచవ్వ బండి మీది నుంచి పడ్డ సంగతి సిద్దిపేటలో ఆమె ఉండే గల్లీ అంతటికీ తెలుసు. పోయిన వానాకాలం కొడుకు ప్రభాకర్ వెనుక ఒకపక్కకు కూర్చుని పొలానికి పోతుంటే, చంద్లాపూర్ దాటినాక మట్టిబాటలో బండి జారింది. ఆమె మోచెయ్యి వాచింది. వాపు దిగింది గానీ చూడవచ్చినవాళ్ల నోళ్లు దిగలేదు.

"ఈ వయసుల నీకు చేనెందుకవ్వా? కౌలుకియ్యరాదు?"

"దేవుడు కాళ్లిచ్చింది మంచం మీద పెట్టుకునేతందుకా?" అని పోచవ్వ అందరినీ ఒకే మాటతో తిప్పి పంపింది.

ఆ చేను అరెకరమే. తక్కిన పొలమంతా రిజర్వాయరు కింద మునిగితే, కాపురం ఊరి నుంచి సిద్దిపేట పట్నానికి మారింది. మునిగినదాన్ని తలచుకుని ఏడ్చే మనిషి కాదామె. మిగిలినదాని జోలికి వస్తే మాత్రం కన్నకొడుకునైనా సహించదు. కాలువకట్ట దాకా తారురోడ్డు, అక్కణ్నుంచి నల్లమట్టి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం అంబలి. ఆ అంబలి దాటితేనే ఆమె కంది, ఆమె బొబ్బర్లు.

ఈ ఏడు పాత బండి పూర్తిగా మూలపడింది. ప్రభాకర్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. సగం రోజు పట్నంలో, సగం రోజు ఎవరి పొలం గట్టు మీదో ఉంటాడు. బండి లేకపోతే అతనికి కాళ్లు లేనట్టే. అందుకని పాతబండ్లు కొని అమ్మే బాబా మియా షెడ్డుకు తల్లినీ తీసుకుని పోయాడు.

షెడ్డులో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి. ఒకటి పొట్టిగా, వెడల్పు సీటుతో, చీర చక్రంలో పడకుండా పక్కన జాలీతో, కాళ్లు పెట్టుకునే పలకతో సంసారపక్షంగా ఉంది. రెండోది బక్కగా, ఎత్తుగా ఉంది. ముందు చక్రం పెద్దది. టైర్లు గడ్డలు గడ్డలుగా ఉన్నాయి. ముందు మడ్‌గార్డు చక్రానికి ఆనకుండా కొంగ ముక్కులా పైకి లేచి ఉంది.

"గిది తారు మీద ఉరుకుతది, మట్టిల దుంకుతది. రెండింటికీ ఒక్కటే బండి, ప్రభాకర్ భాయ్," అన్నాడు బాబా మియా.

పోచవ్వ దాని చుట్టూ తిరిగి చూసింది. "గిది బండా, ఒంటెనా?"

"ఒంటెనే అనుకో అవ్వా. ఏ బురదల ఆగది."

"ఒంటె మనిషెక్కేటప్పుడు కూసుంటదయ్యా. గిది కూసుంటదా?"

బాబా మియా గడ్డం పట్టుకుని నవ్వాడు. "గదొక్కటే రాదు దీనికి. రెండూ తిప్పి చూస్కోన్రి. ఏది నచ్చితే గది తీస్కోన్రి."

ముందు పొట్టిదాన్ని ఇంటికి తెచ్చారు. పోచవ్వ దాని మీద పట్టెమంచం మీద కూర్చున్నట్టు కూర్చుంది. కోడలు దేవిక గేటు దగ్గర నిలబడి చూసి, "గిదే మంచిగున్నది. పెండ్లిళ్లకు గూడ పోవచ్చు," అంది. తారురోడ్డు ఉన్నంతసేపూ పోచవ్వకూ అదే అనిపించింది. కట్ట దిగి నాలుగు బారలు పోయిందో లేదో, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి బిగుసుకుని బండి నిలిచిపోయింది. ప్రభాకర్ కంపపుల్లతో మట్టి గీకుతుంటే ఆమె చెప్పులు చేతబట్టుకుని చేనుకు నడిచింది.

"బర్రె గదరా. బురద కనవడితే పండుకుంటది. దాని తప్పేం లేదు," అంది.

మర్నాడు ఎత్తుబండి వచ్చింది. గడప ముందున్న మెట్టు మీద నిలబడి, ఎప్పటిలా పక్కకు కూర్చోబోయింది పోచవ్వ. సీటు సన్నం, కాలు పెట్టే పలక లేదు. పైకి లేచినట్టే లేచి చీరతో సహా జారి మళ్లీ మెట్టు మీదే నిలబడింది. ఎదురింటి సాయవ్వ కిసుక్కుమంది. పడ్డందుకు కాదు, సాయవ్వ పళ్లు కనబడినందుకు పోచవ్వకు ఒళ్లు మండింది.

ప్రభాకర్ బండి ఆపేశాడు. "పోనీ తియ్యవ్వా. దీన్ని వాపసిస్త. బర్రెనే తీసుకుందాం."

పోచవ్వ కుచ్చిళ్లు సర్దుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నం బొబ్బరికాయలు వలుస్తూ ఆలోచించింది. కొడుకు కళ్లు ఎత్తుబండి మీద ఉన్నాయని ఆమెకు తెలుసు. పొట్టిదే కొంటే, వానల్లో ఎవరి చేలోనో మోటారు కాలిపోయినప్పుడు సామాను సంచితో ఆ బర్రెను తోసుకుంటూ పోతాడు. తోసిన ప్రతిసారీ తల్లిని ఏమీ అనడు. ఏమీ అనకపోవడమే ఆమె చెవుల్లో మోగుతుంది. పోనీ, నేను చేనుకు రాను, నీ బండి నువ్వు కొనుక్కో అందామంటే, దానికి మనసొప్పలేదు. కొడుకు మీద బరువుగా ఎక్కి పోవడమా, ఇంట్లో మూటలా కూర్చోవడమా? రెండూ మింగుడుపడేవి కావు.

అసలు చిక్కు బండిది కాదు, కూర్చునే తీరుది. అది తట్టగానే చేతిలో కాయ ఆగిపోయింది.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ పోచవ్వ గోచి పెట్టి చీర కట్టింది. నాట్లేసినా, మంచె ఎక్కినా, బండెడ్లను తోలినా అదే కట్టు. పట్నం వచ్చిన కొత్తలో నల్లా దగ్గర ఎవరో ఆమె పిక్కల వైపు చూసి మూతి తిప్పారు. మర్నాటి నుంచి కుచ్చిళ్లు పోసి కట్టడం మొదలుపెట్టింది. గోచి విప్పమని ఎవరూ అనలేదు. ఎవరో అనకముందే తానే విప్పింది. ఎవరి నోటికి జడిసి ఊరంతా దారిస్తుందో ఆ పోచవ్వే, ఒక మూతి తిప్పుడుకు జడిసింది.

పొద్దున ఆమె పెట్టె అడుగున ఉన్న పాత పెద్దచీర తీసి, గోచి బిగించి బయటకొచ్చింది.

"అవ్వా, గిదేంది?" అన్నాడు ప్రభాకర్.

"నోరు మూసుకొని బండి గట్టిగ పట్టు."

కొడుకు భుజం మీద చెయ్యేసి, ఒక కాలు ఫుట్‌రెస్టు కడ్డీ మీద పెట్టి, రెండో కాలు అవతలికి వేసింది. మోకాలు మక్కకంకి విరిచినట్టు కటుక్కుమంది. అయినా కూర్చుంది. రెండు దిక్కులా రెండు కాళ్లు, నిటారుగా నడుము. ఎదురింట్లో సాయవ్వ చీపురు ఆగిపోయింది.

దేవిక గేటు పట్టుకుని చూస్తోంది. "అత్తమ్మా, నేను కొత్తగ వచ్చినప్పుడు డ్రెస్సేసుకొని బండి మీద గట్లనే కూసుంటే మీరేమన్నరో యాదికున్నదా?"

"ఏమన్న?"

"ఆడిదా, మగోడా అన్నరు. గల్లీల అందరు ఇన్నరు."

ప్రభాకర్ బండి అద్దాన్ని తుడవసాగాడు. అందులో మరకేమీ లేదు.

"యాదికున్నది," అంది పోచవ్వ. "అప్పుడు బండి పొట్టిది."

"బండి పొట్టిదైతే?"

"పొద్దెక్కుతున్నదిరా. తియ్యి బండి."

పట్నం దాటేదాకా జనం చూశారు. పోచవ్వ కూడా వాళ్లను చూసింది. కట్ట దిగాక బండి వెనుక చక్రం అటూ ఇటూ ఊగింది. ఇదివరకు బండి ఒక దిక్కు పోతే ఆమె ఒక దిక్కు పోయేది. ఇప్పుడు బండి ఎటు వంగితే ఆమె అటు వంగింది. గడ్డల టైరు మట్టిని వెనక్కి ఎగజిమ్ముకుంటూ పోయి, కంది సాలు అంచున ఆగింది. దిగేటప్పుడు మోకాలు మళ్లీ అరిచింది. దాన్ని తిట్టి, కుంటుకుంటూనే బొబ్బరి తీగల్లోకి పోయింది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

బేరం కుదిరి ఒంటె ఇంటికొచ్చేసింది. పోచవ్వ గోచికట్టు కూడా వచ్చేసింది, మళ్లీ పెట్టెలోకి పోలేదు.

ఆ ఆదివారం దేవిక అదే బండి మీద బెజ్జంకిలో చెల్లెలింటికి బయలుదేరింది. పంజాబీ డ్రెస్సు వేసుకుని గడప దాటి, అత్త ముందు ఆగింది. ప్రభాకర్ మళ్లీ అద్దం తుడవసాగాడు. పోచవ్వ కోడల్ని కింది నుంచి పైకి చూసింది. నోరు తెరిచింది. గల్లీ చెవులు రిక్కించింది.

"దుపట్ట ఎనుకకు ముడేసుకో పిల్లా," అంది. "చక్రంల పడితే కొత్త బండి ఖరాబైతది."