ఆ రెండు ఎవరి లెక్క?

బేతమంగళ బస్టాండు వెనక కాలిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే రీవైండింగ్ పని చేసే విశాలమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ చదువు కరెంటు బిల్లు చదవడానికి పనికొచ్చింది. మిగతాదంతా ఆండర్సన్‌పేటలో సెల్వరాజన్న షెడ్డులో నేర్చింది. ఆయన చుట్లు తమిళంలో ఎంచేవాడు. అందుకే ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం మాట్లాడే ఈమెకు రాగితీగ చేతికొస్తే నోట తమిళమే వస్తుంది.

యాభై రెండేళ్లకు నడుము మొండికేసింది. బోరు మోటార్లు ఎత్తలేకపోయింది. అప్పుడే కేజీఎఫ్‌లో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు రీవైండింగ్ నేర్పే మనిషి కావాలన్నారు. సర్టిఫికెట్ లేనివాళ్లు పని చేసి చూపించాలి. షెడ్డుకు ఎటూ తాళమే; ఆ ఉద్యోగమూ రాకుంటే విశాలమ్మకు పూట గడవదు.

పరీక్ష పెట్టింది రిటైరైన ఇంజనీరు మోహన్ సార్.

"పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమమ్మా?"

"తెలీదు సార్."

"స్లిప్ అంటే?"

"పేరు విన్నా సార్. తెలీదు."

"ఇంగ ఏం తెలుసమ్మా నీకు?"

"కాలిన మోటారు వాసన చూసి, లోపల యాడ కాలిందో చెప్తాను సార్."

సార్ నవ్వేసి చుట్టే మిషన్ ముందు కూర్చోబెట్టినాడు. కాయిల్‌కు నలభై నాలుగు చుట్లు. విశాలమ్మ పిడి తిప్పుతూ, "ముప్పదు, ముప్పత్తి ఒణ్ణు..." అంటోంది. సార్‌కు ఊరకుండబుద్ధి కాలేదు.

"పిల్లలెంతమంది?"

"రెండు..." అని చెయ్యి ఆపేసింది. పిల్లలైతే ఇద్దరనాలి, లెక్కలో ఉన్న నోటికి రెండే వచ్చింది. తమిళంలోనూ రెండు రెండే. ఇప్పుడన్న రెండు చుట్టుకా, పిల్లలకా?

తీగ మొత్తం విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఏమైందమ్మా?"

"లెక్క ముప్పై ఒకటా, ముప్పై రెండా తెలీదు సార్."

"ఒక చుట్టే కదా! సుమారుగా చూసి పోనీ. ఎవరు ఎంచుతారు?"

"మనిషికి సుమారు చెప్పొచ్చు సార్. మోటారు వినదు."

తెలియని సంగతి తెలియదనడం పెద్ద కష్టం కాదు. తన చేతులతో చేసిన పనినే తెలియదని విప్పడానికి ముప్పై ఏళ్ల పనితనం కావాలి. సార్ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. నలభై నాలుగు అయ్యేదాకా దగ్గు కూడా ఆపుకున్నాడు. తర్వాత పెన్ను తీసి, కాగితం మీద సంతకం పెట్టినాడు.

మొదటి క్లాసులోనే సవిత అనే పిల్ల అడిగింది. "మేడం, మేమూ తమిళంలోనే ఎంచాలా?"

"నీకు వచ్చిన భాషలో ఎంచుకో తల్లీ. మధ్యలో పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే మాత్రం నోరు తెరవద్దు."