పదకొండో కోరూ, మా అత్తగారి గాలి భయమూ

మా అత్తగారు స్తానియా లోకంలో దేనికీ భయపడదు, ఒక్క గాలికి తప్ప. ఎదురెదురు తలుపులు తీస్తే మధ్యలోంచి దూసుకొచ్చే గాలి. మా నీష్ పట్నంలో దాన్ని ప్రొమాయా అంటారు. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, చివరికి పాలు విరిగినా ఆవిడ లెక్కలో దోషి అదే. మండు వేసవిలో బస్సెక్కి అద్దాలన్నీ మూయించిన ఘనురాలు. మామగారు గుండె ఆగి పోయారని డాక్టర్లు చెబితే ఒప్పుకోలేదు. ఆ రోజు వంటింటి బాల్కనీ తలుపు తీసి ఉందట. అప్పట్నుంచి ఆ తలుపు తెరిచింది లేదు.

అలాంటి ఇంట్లో నా మొగుడు విదోయెకు ఓ పిచ్చి పట్టింది. కంప్యూటర్ ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి పరిగెత్తించడం. అతని ప్రాసెసర్‌లో పదహారు కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు. ఒకటో రెండో అయితే ఎంత తరిమినా పరిగెడతాయి. అన్నిటినీ ఒక్కసారి తరిమితే వేడెక్కి, బలహీనమైనది ముందు తప్పు లెక్క చేస్తుంది, దాంతో మొత్తం ఆగిపోతుంది. ఒకే కాడికి కట్టాక కుంటెద్దు నడకే అన్నిటి నడక. మా కుంటెద్దు పదకొండోది. భోజనాల దగ్గర కూడా దాని గొడవే.

దీనికో పోటీ కూడా ఉంది. అందులో ఐసూ గ్యాసూ వాడకూడదు, ఇంట్లో గాలితోనే చల్లబరచాలి. పదహారూ అరగంట ఆగకుండా నడిస్తే పోలండ్‌లో జరిగే ఫైనల్‌కు మా దేశం జట్టులో చోటు. ఏటా తప్పుతూనే ఉన్నాడు. ఈసారీ కాకపోతే మిషను అమ్మేస్తానన్నాడు. ఆ డబ్బా ఎప్పుడు వదులుతుందా అని నేనూ ఎదురుచూసినదాన్నే. కానీ ఆ మాటంటున్నప్పుడు అతని మొహం చూశాక, అది వదలకూడదనిపించింది.

గడువు ముగిసే రోజు వచ్చింది, సాయంత్రం దాకానే టైము. బయట జనవరి చలి. పడకగది కిటికీ తీసి, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్‌ను కిటికీ గట్టు మీద పెట్టాడు. రెండుసార్లు మొదలెడితే రెండుసార్లూ పదకొండోది పడింది. లోపలికొచ్చిన గాలికి బయటికి పోయే దారి లేదు. ఆ దారేదో ముగ్గురికీ తెలుసు. తల్లిని అడగడానికి అతనికి నోరు రాలేదు.

వంటింట్లో క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతున్న అత్తగారు, మళ్లీ పదకొండోదేనా అని నన్నడిగింది. అవునన్నాను. చేతులు కడుక్కుని, శాలువా మీద శాలువా చుట్టుకుని, వెళ్లి బాల్కనీ తలుపు తీసింది. గాలి విసురుకు అది ధడాలున మూసుకుంది. దాన్ని తెరిచి పట్టుకునే కొక్కెం ఎప్పుడో ఊడింది, తెరిచే తలుపా ఏమన్నా అని ఎవరూ బాగుచేయించలేదు. ఆవిడ మళ్లీ తీసి, కుర్చీ లాక్కుని, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"మీరు లేవండి అత్తయ్యా, నేను కూర్చుంటా."

"నువ్వు పో అమ్మాయ్. ఇంకా బతకాల్సినదానివి, ఈ గాలి సంగతి నీకు తెలీదు." ఆవిడ శాలువాను చెవుల మీదికి లాక్కుంది. "వాడిని మళ్లీ మొదలెట్టమను."

ఈసారి పదకొండోది తడబడలేదు. అరగంట నిండాక విదోయె వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గర తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నడిచిందిరా?"

"నడిచిందమ్మా."

"అయితే ముందు తలుపెయ్యి. గుడ్లప్పగించి చూస్తావేం?"

మర్నాడు ఆవిడ మెడ నిజంగానే పట్టేసింది. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకూ ఒళ్లంతా తిప్పి మరీ చూపించింది.

"ప్రొమాయా," అంది. "చెబితే నమ్మరుగా. పోలండ్ వెళ్లేది మావాడే."