వేడినీళ్ళ నడక

"...ముప్పావు గ్లాసు పోసిస్తే ఇంటికొచ్చిన మనిషి ఏమనుకుంటాడండీ? ఇల్లేమన్నా కదులుతోందా?" వంటింట్లో భార్య గొంతు తగ్గించే అంటోంది కానీ, ముందుగదిలో కూర్చున్న, భర్తతో పాటు రైల్లో పనిచేసిన వంటవాడికి అంతా వినిపిస్తూనే ఉంది.

"వాడు మనవాడే. ఏమీ అనుకోడు."

"పేరుకి నిండుకుండ. నింపడం మాత్రం రాదు." ఆమే గ్లాసులు అంచుదాకా నింపి పళ్ళెంలో పెట్టింది.

ఇరవై ఆరేళ్ళు రైల్లో టీ అందించిన చెయ్యి అది. పరిగెత్తే పెట్టెలో గ్లాసు నిండా పోస్తే ఎవరో ఒకరి ఒళ్ళు కాలుతుంది. ఇంట్లోనూ ఆ చెయ్యి ముప్పావు దగ్గరే ఆగిపోయేది. చుట్టాల్లో కొందరు ఆయన్ని పిసినారి అనుకున్నారు. తోటి పనివాళ్ళు మాత్రం నిండుకుండ అని పిలిచేవారు. రైలు ఎంత ఊగినా ఆయన చేతిలో క్యాను తొణికేది కాదు. మనిషీ అంతే.

ఆయన విద్యంతా పాదాల్లో ఉంది. కంపెనీ ఇచ్చిన బూట్ల అడుగు మందమని, గరుకు రాయి మీద పలచబడేదాకా రుద్దేవాడు. పట్టాలు మారే చోటు దగ్గరపడితే నేల సన్నగా వణుకుతుందని, ఆ వణుకు మడమకి అందాలని అనేవాడు. అందిన వెంటనే మోకాళ్ళు వదులు చేసి, క్యానుని నడవా మధ్యకి తిప్పి, ఆగిపోయేవాడు. ఊపు తగ్గాకే మళ్ళీ అడుగు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రయాణికుడి మీదా చుక్క పడలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పే పని వంటవాడు తన నెత్తినేసుకుని, పెళ్ళిళ్ళకి వెళ్ళినా వదిలేవాడు కాదు.

పదిరోజుల కిందట రైల్లో తిండీ టీ అందించే కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కంపెనీ, రైల్లో వంటచేసే ప్యాంట్రీ పెట్టె తలుపుకి ఒక కాగితం అంటించింది. పాతవాళ్ళు ముప్పైమందీ ఇక రానక్కర్లేదని దాని సారాంశం. వాళ్ళ బదులు పదకొండుమంది కొత్తవాళ్ళు రైలెక్కారు. వారం తిరక్కుండానే మేనేజరు నిండుకుండకి ఫోన్ చేశాడు. ఉద్యోగం ఇస్తాం, వచ్చి మావాళ్ళకి పని నేర్పండి అన్నాడు. జవాబు కోసం ఈ సాయంత్రం ఇంటికే వస్తానన్నాడు.

వంటవాడు అంతకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు వెళితే మా అందరి నోట్లో మట్టి కొట్టినట్టే. వెళ్ళకపోతే నెల తిరక్కుండా వాళ్ళే చేతులెత్తేసి మనల్ని పిలుస్తారు."

"నువ్వాగు మరిదీ," అంది భార్య. "పిలిచి ఇస్తామంటున్న ఉద్యోగాన్ని కాలదన్నుకోమంటావా? నా కుట్టుమిషను ఒక్కటీ ఇల్లంతా లాగుతుందా?"

"అది కాదు వదినా. నిన్న ఆ కొత్తవాళ్ళలో ఒకావిడ వేడినీళ్ళ క్యానుతో పడిపోయింది. చెయ్యంతా కాలింది పాపం. ఇంకో రెండు ఇలాంటివి జరిగాయంటే చాలు, మన రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే."

అన్నాక తనకే ఎలాగో అనిపించి గ్లాసులోకి చూసుకున్నాడు.

"క్యాను ఎలా పట్టుకుందట?" నిండుకుండ అడిగాడు.

"బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులా వాటేసుకుందట."

"ఒక చెయ్యి ఎప్పుడూ సీటు అంచు మీదే ఉండాలిరా. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదన్నమాట."

"నీకెందుకన్నా ఆ బాధ? మన పొట్ట కొట్టి ఎక్కినవాళ్ళు!"

"పొట్ట కొట్టింది కాగితం అంటించినవాళ్ళురా. ఆవిడ కాదు."

భార్య కొంగుతో పళ్ళెం తుడుస్తూ నిలబడింది.

మేనేజరు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, చేతిలో ఉన్న నియామక పత్రం బల్ల మీద పెట్టి, పెన్ను దాని మీదుంచాడు. "సంతకం చేస్తే చాలండీ. పనంతా మీ చేతికే వదిలేస్తాం."

నిండుకుండ కాగితం చివరిదాకా చదివి, మడత పెట్టి, పెన్నుతో సహా ఆయనకే తిరిగిచ్చాడు.

"రేపు పొద్దుటి రైలుకి వస్తాను. వేడిది పట్టుకుని నడవడం ఒక్కటే నేర్పుతాను, దానికి జీతం వద్దు. మిగతా పనేదీ నేర్పను. ఉద్యోగమంటారా, మా ముప్పైమందినీ పిలిచిన రోజే నేనూ వస్తాను," అన్నాడు.