పేరు కొట్టెయ్యని మనిషి

అమీర్‌పేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె, ఒళ్ళో నోటుబుక్కు తెరిచి పంజాగుట్ట వచ్చేదాకా ఫోన్లు చేస్తూనే ఉంది. "తిన్నవా తమ్మీ? ఏం కూర? నన్ను పిలవకుంటనే తిన్నవా!" అని నవ్వించి, ఆ తర్వాతే "రేపు వచ్చి మందులు తీస్కపో" అనేది.

ఎవరికని అడిగాను. బోరబండ దవాఖానలో మానసిక వైద్యానికి రావడం మానేసినవాళ్ళకట; తను అక్కడ ఆరోగ్య కార్యకర్తట.

"డాక్టరమ్మ అందరికీ ఎరుకే. మేం ఫోన్ చెయ్యకుంటే ఆమె ముంగట కుర్చీలు ఖాళీనే ఉంటయి అన్నా. ముందుగాల మందుల మాట తీస్తే ఫోన్ పెట్టేస్తరు. గందుకే తిండి సంగతి అడుగుత."

"ఇంట్లోవాళ్ళు ఫోన్ చేయొద్దంటే?"

"వారం ఆగి మళ్ళ చేస్త. పేరు మాత్రం కొట్టెయ్య."

మందులు మానేసిన మా తమ్ముడి కోసం అలాంటి ఫోన్లే నాకు వచ్చేవి. పక్కింటివాళ్ళకు తెలుస్తుందన్న సిగ్గుతో "మావాడు బాగానే ఉన్నాడు" అని కసిరి, ఆ నంబరును బ్లాక్ చేశాను. తర్వాత ఎన్ని వారాలు చేశారో తెలియదు. ఆ వానాకాలం దాటకుండానే తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు. తిన్నావా అని వాణ్ణి నేనూ అడగలేదు.

ఆమె దిగిపోయాక ఆ నంబరుకు బ్లాక్ తీశాను. ఇంకా మోగలేదు. మోగితే, ఈసారైనా నిజం చెప్పాలి.