పిల్లి కొరికిన వేలు

హసన్‌పర్తిలో వరంగల్ బస్సెక్కిన ఆ రోజు నా చూపుడు వేలికి గుడ్డ కట్టి ఉంది. పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ దాన్ని చూసి ఏమైందని అడిగింది.

"మా పిల్లి కొరికింది పెద్దమ్మా. చిన్న గాటే, పసుపు పెట్టిన."

"దవాఖానకు పోలేదా?"

"ఇంట్ల పెరిగిన పిల్లే. ఏం గాదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయటికి చూస్తూనే చెప్పింది.

"నా బిడ్డను గూడ ఇంట్ల పిల్లే కొరికింది. ఏం గాదని నేనే పసుపు అద్దిన. రెండు నెలలైనంక మంచినీళ్ల గ్లాసు సూస్తేనే వణికింది. అప్పుడు దవాఖానకు ఉరికితే, ఇగ చేసేదేం లేదన్నరు. మూడొద్దులు గూడ బతకలే."

ముందు ఆసుపత్రి దగ్గరే దిగుతానన్నాను.

ఆమె డోర్నకల్ రైలు అందుకోవాలి. అయినా ఆసుపత్రి దగ్గర నాతోపాటు దిగింది. నన్ను ఒక్కదాన్నే వదిలేస్తే లోపలికి వెళ్లనని అనుకుందేమో.

లోపల నర్సు నా వేలిని సబ్బుతో పావుగంట కడిగించి, సూది వేసి, మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చింది. నేను బయటికి వచ్చేసరికి ఆమె గేటు పక్క అరుగు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అయిపోయిందా బిడ్డా?"

"అయింది పెద్దమ్మా."

"గింతసేపటి పనేనా?" అంది.

అవునన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు ఇంకేదైనా జవాబు చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.